మైకు లేని గైడు

బస్సు ఇంకా కొండ ఎక్కడం మొదలుపెట్టకముందే వాళ్ళిద్దరికీ గొడవయింది.

నేషనల్ పార్కు గేటు దగ్గర బయలుదేరే టూరిస్టు బస్సు అది. రెండు రిజర్వాయర్లు, రెండు సరస్సులు చూపించి సాయంత్రానికి మళ్ళీ గేటు దగ్గరే దింపుతుంది. గైడుగా వచ్చిన అమ్మాయి డ్రైవరు పక్కన నిలబడి, మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, "అందరికీ నమస్కారం" అంది. మైకు కీచుమంది. ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దావిడ ఉలిక్కిపడి, చెవిలోని మిషన్ ఊడబీకి ఒళ్ళో పడేసుకుంది.

పక్కనే ఉన్న ఆవిడ మనవడు లేచి నిలబడ్డాడు.

"ఏవండీ, ఆ మైకు కాస్త దూరంగా పట్టుకుంటారా? మా అమ్మమ్మ చెవి మిషన్ పెట్టుకుంది."

"దూరంగా పట్టుకుంటే వెనక సీట్లవాళ్ళకి వినపడదండీ."

"దగ్గరగా పట్టుకుంటే ముందు సీట్లవాళ్ళకి ఇంకెప్పుడూ ఏమీ వినపడదు."

వెనక ఎవరో నవ్వారు. గైడు నవ్వలేదు.

"మీరేమైనా మైకుల డాక్టరా?"

"మైకులు కాదు, చెవులు. డాక్టర్ని కూడా కాదు. వినికిడి పరీక్షలు చేసి మిషన్లు అమరుస్తాను. ఒక్క నిమిషం ఇటివ్వండి, సరిచేసిస్తాను."

ఆమె ఇచ్చింది. అతను మూత తిప్పి, లోపల ఏదో తీగ కదిపి, మళ్ళీ బిగించాడు. మైకు కీచుమనడం మానేసింది. దాంతోపాటు పనిచేయడం కూడా మానేసింది. తట్టి చూశాడు, ఊది చూశాడు, "హలో హలో" అన్నాడు. లాభం లేకపోయింది.

"చాలా థాంక్సండీ," అంది గైడు మైకు వెనక్కి తీసుకుంటూ. "ఇక ఈ రోజుకి ఎవరి చెవులకీ ఏ ఇబ్బందీ లేదు."

అప్పటినుంచి ఆమె బస్సు ఇంజను మీదుగా అరిచి చెప్పాల్సి వచ్చింది. కుడివైపు కనిపించే కొండ పేరు అరిచింది. ఎడమవైపు లోయ లోతు అరిచింది. కిటికీలోంచి చేతులు బయటపెట్టొద్దని అరిచింది. ఆమె అరిచినప్పుడల్లా అతను సీట్లో ఇంకాస్త కిందికి జారాడు.

మిషన్ తీసేసినందువల్ల అమ్మమ్మకి తన గొంతు ఎంత పైకి లేస్తోందో తెలియలేదు.

"ఒరేయ్, ఆ పిల్లని చూడరా. మైకు లేకపోయినా ఎంత చక్కగా చెబుతోందో. పెళ్ళయిందేమో కనుక్కో."

బస్సులో తలలన్నీ ఇటు తిరిగాయి. గైడు చెబుతున్న కొండ పేరు సగంలో ఆగిపోయింది.

డ్రైవరు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఇంకా కాలేదండీ," అన్నాడు.

ఏదో ఒకటి అనకపోతే బాగుండదని, "మీకెలా తెలుసండీ?" అన్నాడు మనవడు.

"మా అమ్మాయే బాబూ."

ఆ తర్వాత చాలాసేపు అతను బయటి కొండల్ని ఎంతో శ్రద్ధగా చూశాడు.

మొదట బస్సు ఆగింది కింది రిజర్వాయరు దగ్గర. డ్యామ్ గోడ మీద అందరూ వరసగా నిలబడ్డారు. ఒకవైపు నీళ్ళు గోడని తాకుతూ నిండుగా ఉన్నాయి. ఇంకోవైపు చూస్తే కళ్ళు తిరిగేంత లోయ. గాలి మాటల్ని ఎత్తుకుపోతుంటే ఆమె గాలికి ఎదురుగా నిలబడి, కింద పట్టణంలో ప్రతి కుళాయిలోకీ ఈ నీళ్ళే వెళ్తాయని చెప్పింది. అప్పటికే ఆమె గొంతు బొంగురుపోయింది.

అతను ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు మూతలో పోసి తెచ్చాడు.

"తాగండి. గొంతుకి మంచిది."

"గొంతుల సంగతి కూడా తెలుసా మీకు?"

"తెలియదు. ఇది మా అమ్మ చెప్పేది."

ఆమె తాగింది. మూత తిరిగిస్తూ, "మైకు చెడగొట్టానని బాధపడుతున్నారా?" అంది.

"పడుతున్నాను."

"పడండి. ఇంకా మూడు చోట్లున్నాయి."

అన్నది కోపంగానే. కానీ బస్సెక్కేటప్పుడు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కించింది ఆమే.

రెండోది పడవలుండే సరస్సు. అక్కడ టీ తాగుతూ అమ్మమ్మ ఆమెని పక్కన కూర్చోబెట్టుకుంది. మిషన్ మళ్ళీ చెవిలో పెట్టుకున్నందువల్ల ఈసారి మామూలుగానే మాట్లాడింది.

"అమ్మాయ్, పై సరస్సుకి ఎప్పుడు తీసుకెళ్తావు? నేను వచ్చిందే దానికోసం."

"అందరూ పడవల కోసం వస్తారు. మీకు పై సరస్సెందుకు అమ్మమ్మగారూ? అక్కడ కూర్చోడానికి బెంచీ కూడా ఉండదు."

"నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశాను. ఆ పైన డ్యామ్ కడుతున్నప్పుడు సరస్సు ఒడ్డున ఒక క్యాంపు ఆఫీసుండేది. అక్కడినుంచి ఒకమ్మాయి రోజూ పొద్దున్నే లైన్లోకి వచ్చేది. నీటిమట్టం చెప్పాలి, పెద్దాఫీసుకి కలపమనేది. అది కలిసేదాకా ఇద్దరం కబుర్లాడుకునేవాళ్ళం. ఇవాళ సరస్సెలా ఉందే అని అడిగేదాన్ని. ఒకరోజు ఇస్త్రీ చేసినట్టుంది అనేది. ఒకరోజు మంచు దుప్పటి కప్పుకుని అలిగి మంచం ఎక్కింది, మొహం కూడా చూపించడం లేదు అనేది. నా ఎదురుగా ఉండేవి ప్లగ్గులూ తీగలే. ఆ పిల్ల మాటల్తో నాకు రోజూ తెల్లారేది."

"ఆవిడ ఎక్కడున్నారిప్పుడు?"

"క్యాంపు ఎత్తేశాక లైను తీసేశారు. ఒక్కసారి కూడా ఎదురుపడలేదు మేము. చెవులు ఎలాగూ పోయాయి. కళ్ళున్నప్పుడే ఆ సరస్సయినా చూసి పోదామని మా వాణ్ణి పట్టుకొచ్చాను."

గైడు టీ గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళి తండ్రితో ఏదో మాట్లాడింది. ఆయన తల అడ్డంగా ఊపడం అతనికి కనిపించింది.

ఎందుకో మూడో చోటు దాటాక తెలిసింది. అది రెండో రిజర్వాయరు. నీళ్ళు బాగా తగ్గి, ఒడ్డున పాత చెట్ల మోళ్ళు బయటపడి ఉన్నాయి. అక్కడినుంచి కాస్త పైకెళ్ళగానే రోడ్డుకి అడ్డంగా కర్ర, కర్రకి బోర్డు. వానలకి రాళ్ళు జారినందువల్ల పై సరస్సుకి దారి మూసివేశామని రాసి ఉంది.

"ఈ పొద్దున మావాళ్ళు దారంతా చూసొచ్చారు," అంది గైడు, ఉన్న కాస్త గొంతుతో. "పడ్డ రాళ్ళు తీసేశారు. ఈ రోజే తెరుస్తారనుకున్నాం, కానీ రేపు తెరుస్తారట. ఈ రోజుకి మాత్రం ఇక్కడినుంచే వెనక్కి వెళ్ళాలి. క్షమించండి."

జనం ఫోటోలు తీసుకుని బస్సెక్కారు. అమ్మమ్మ ఎక్కలేదు. రోడ్డు పక్కనున్న రాయి మీద కూర్చుంది.

"రేపు తెరుస్తారంటున్నావుగా. రేపటిదాకా ఇక్కడే కూర్చుంటాను."

"అమ్మమ్మా, రేపు పొద్దున నాకు క్లినిక్ ఉంది," అన్నాడు మనవడు.

"నువ్వెళ్ళు. నేనేమన్నా నీ కాలికి తాడు కట్టానా?"

అతను గైడు దగ్గరికి వెళ్ళాడు. "ఏమన్నా చేయగలరా? నడక ఎంతసేపు?"

"ఆవిడ నడకకి పావుగంట." ఆమె ఆకాశం వైపు చూసింది. రాయి మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్న ముసలావిడని చూసింది. తండ్రి స్టీరింగు మీంచి తననే చూస్తున్నాడని ఆమెకి తెలుసు.

"సరే, నేను తీసుకెళ్తాను. మనం ముగ్గురమే. నేను అడుగేసిన చోటే అడుగెయ్యాలి. ఆగమంటే ఆగాలి."

దారి సులువుగానే ఉంది. మలుపు తిరగగానే సరస్సు ఎదురుపడింది. మూడువైపులా కొండలు, మధ్యలో కదలని నీళ్ళు. ఒడ్డు దగ్గర అడుగునున్న గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. లోపలికి వెళ్ళేకొద్దీ రంగు ముదిరి, నడిమధ్యకి వచ్చేసరికి దాదాపు నల్లగా అయిపోయింది. అవతలి గట్టున క్యాంపు ఆఫీసు పునాదులు కాబోలు, గడ్డిలో సిమెంటు దిమ్మెలు రెండు మిగిలి ఉన్నాయి.

అమ్మమ్మ చాలాసేపు సరస్సునే చూస్తూ నిలబడింది.

"సగం కూడా చెప్పలేదురా ఆ పిల్ల," అంది చివరికి.

అతను గైడు వైపు చూశాడు. ఆమె అప్పటికే అతని వైపు చూస్తోంది. ఇద్దరూ ఒకేసారి నీళ్ళ వైపు తిరిగారు.

"మీకు చాలా థాంక్స్," అన్నాడు.

"ఇప్పుడే చెప్పకండి. ఇంకా దిగాలి," అంది ఆమె.

ఆమె భయపడ్డట్టే అయింది. సగం దారిలో వాన మొదలైంది. తడిసిన రాయి మీద అమ్మమ్మ కాలు జారి మడతపడింది. లేవబోయి, మళ్ళీ కూలబడింది. అతను ఆవిడని వీపు మీద ఎక్కించుకున్నాడు. గైడు తన కోటు విప్పి ఇద్దరి నెత్తిన గొడుగులా పట్టుకుని పక్కన నడిచింది. తను మాత్రం పూర్తిగా తడిసిపోయింది.

"కుదుపులు తగ్గించరా," అంది అమ్మమ్మ వీపు మీంచి. "బస్సే నయం."

నవ్వాలో వద్దో వాళ్ళిద్దరికీ తెలియలేదు. నవ్వారు.

పార్కు ఆసుపత్రిలో చీలమండ ఎముకకి చిన్న చీలిక వచ్చిందన్నారు. కట్టు కట్టి, వాపు తగ్గేదాకా ప్రయాణం వద్దన్నారు. అక్కడి గెస్ట్ హౌస్‌లోనే గది తీసుకుని, అతను క్లినిక్‌కి ఫోన్ చేసి సెలవు అడిగాడు. డ్రైవరు సామాను లోపల పెట్టి, గుమ్మంలో ఆగాడు.

"మూసిన దారిలోకి టూరిస్టుల్ని తీసుకెళ్తే ఉద్యోగం పోతుంది బాబూ. మా అమ్మాయిది ఏం చేస్తారో," అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ మాట అతన్ని నిద్రపోనివ్వలేదు. తెల్లారగానే పార్కు సూపరింటెండెంటు ఆఫీసుకి వెళ్ళాడు. ఆవిడ నడివయసు మనిషి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని కాగితాలు చూస్తోంది.

"మేడమ్, నిన్నటి విషయంలో గైడు తప్పేమీ లేదు. ఆమెకి చెప్పకుండా నేనూ మా అమ్మమ్మా కర్ర దాటి వెళ్ళిపోయాం. మమ్మల్ని వెనక్కి తేవడానికే ఆమె వచ్చింది."

ఆవిడ తలెత్తి అతన్ని కాసేపు చూసింది. "అలాగా. సరే, వెళ్ళండి," అంది.

ఒక అమ్మాయి ఉద్యోగం కాపాడానన్న తృప్తితో అతను కడుపునిండా టిఫిన్ తిన్నాడు.

మధ్యాహ్నం గది తలుపు దబదబా చప్పుడైంది. గైడు. మొహం ఎర్రగా ఉంది. మాట్లాడదామని నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. నిన్నటి అరుపులకీ వానకీ గొంతు పూర్తిగా పోయింది. దాంతో గుసగుసగా మొదలుపెట్టింది. గుసగుసలో కూడా అంత కోపం చూపించవచ్చని అతనికి అప్పటిదాకా తెలియదు.

"మీరు మేడమ్‌కి ఏం చెప్పారు?"

"మీ తప్పు లేదని..."

"మిమ్మల్ని చెప్పమని నేను అడిగానా?"

మంచం మీంచి అమ్మమ్మ తొంగి చూసింది. "ఏమంటోందిరా?"

"నేను ఆఫీసులో ఏం చెప్పానని అడుగుతోంది అమ్మమ్మా."

"నేనే దగ్గరుండి తీసుకెళ్ళానని నిన్న సాయంత్రమే మేడమ్‌కి చెప్పేశాను. అంతా ఉన్నదున్నట్టు చెప్పాను. పొద్దున మీరెళ్ళి ఇంకో కథ చెప్పారు. ఇప్పుడు ఆవిడ ఏమనుకుంటోందో తెలుసా? నేను ఒక టూరిస్టుని బతిమాలి అబద్ధం చెప్పించుకున్నానట."

"ఇప్పుడేమంటోంది?"

"నన్ను తిడుతోంది."

"అది తెలుస్తూనే ఉంది. ఎందుకు తిడుతోంది?"

"నేను అబద్ధం చెప్పానని."

"చెప్పావా?"

"చెప్పాను."

"మంచి పని చేస్తోంది. అమ్మాయ్, ఆగకు, నీ మానాన నువ్వు కానీ. ఒరేయ్, ఒక్క మాట కూడా మింగకుండా నాకు చెప్పు."

ఆ తర్వాత ఆమె గుసగుసగా తిట్టడం, అతను ఆ తిట్లని ఒక్కొక్కటిగా గట్టిగా అమ్మమ్మకి అప్పజెప్పడం జరిగింది. "తన తప్పుకి శిక్ష పడితే పడనివ్వాల్సింది అంటోంది అమ్మమ్మా. తన మొహం చూసి నేను జాలిపడ్డానట. తనకి జాలి అక్కర్లేదట. తెలివితక్కువవాణ్ణట." వరండాలో వెళ్తున్న గెస్ట్ హౌస్ మనిషి ఆగి మరీ విన్నాడు. 'తెలివితక్కువవాణ్ణట' దగ్గర గైడు పెదాలు కాస్త కదిలాయి గానీ ఆమె నవ్వుని బయటికి రానివ్వలేదు.

అంతా విని అమ్మమ్మ చెప్పుల వైపు చూపించింది. "వేసుకో. వెళ్ళి నిజం చెప్పిరా."

సూపరింటెండెంటు ఆవిడ అతన్ని చూసి పెన్ను కింద పెట్టింది. "ఇప్పుడు మూడో కథా?"

"కాదు మేడమ్. మొదటిదే. ఆమె చెప్పిందే నిజం. పొద్దున నేను చెప్పింది అబద్ధం. నన్నెవరూ చెప్పమనలేదు, నా అంతట నేనే చెప్పాను."

"ఎందుకు చెప్పారు?"

"ఆమె దృష్టిలో మంచివాణ్ణి కావాలని."

"అయ్యారా?"

"లేదు మేడమ్."

ఆవిడ కళ్ళజోడు పైకి జరుపుకుంది. ఉద్యోగం తీసేయలేదు. ఆ సీజను అయ్యేదాకా బస్సు ఎక్కకూడదని, కింది రిజర్వాయరు దగ్గర టికెట్లు ఇవ్వమని చెప్పింది. గైడు మారు మాట్లాడకుండా ఒప్పుకుంది.

అమ్మమ్మ కాలు నయమయ్యేదాకా అతనికి వేరే పని లేదు. రోజూ కింది రిజర్వాయరు దగ్గరికి వెళ్ళి అద్దం కిటికీలోంచి ఒక టికెట్ అడిగేవాడు.

"నిన్న చూశారుగా?" అనేది ఆమె.

"నీళ్ళు మారాయేమోనని."

"మారలేదు. అవే నీళ్ళు."

"అయినా చూస్తాను."

డ్యామ్ గోడ మీద ఒక చుట్టు తిరిగి వచ్చి కిటికీ పక్కనే నిలబడేవాడు. జనం లేనప్పుడు మాట్లాడుకునేవారు. ఆమెకి తల్లి లేదని, తండ్రి నడిపే బస్సులోనే ఊహ తెలిసిందని, సరస్సుల సంగతులన్నీ ముందు సీట్లో కూర్చుని నేర్చుకుందని తెలిసింది. అతనికి ఈత రాదని, నీళ్ళంటే చిన్నప్పటినుంచీ భయమని ఆమెకి తెలిసింది.

"అయితే రోజూ డ్యామ్ మీద ఏం చేస్తున్నారు?"

"భయపడుతున్నాను."

ఆ రోజు ఆమె మొదటిసారి గట్టిగా నవ్వింది. గొంతు పూర్తిగా వచ్చేసిందని అలా తెలిసింది.

ఊరికి వెళ్ళే ముందురోజు అతను టికెట్ అడగలేదు.

"మీరంటే నాకిష్టం. ఆ మాట చెప్పి వెళ్దామని వచ్చాను."

ఆమె చేతిలో ఉన్న టికెట్ల కట్టని సర్దింది. చాలాసేపు సర్దింది.

"నాకూ మీరంటే ఇష్టమే. కానీ భయం కూడా ఉంది. మీరు ఎదుటివాళ్ళ మనసు నొప్పించకూడదని మాట మార్చేస్తారు. ఆ రోజు నాకోసం మేడమ్‌కి అబద్ధం చెప్పారు. రేపు ఇంకెవరికోసమో నాకు చెబుతారు."

"చెప్పను."

"ఇదిగో, ఇలాగే. వెంటనే నాకు నచ్చే మాట అనేశారు."

ఆమె అద్దం కింది సందులోంచి తన ఫోన్ నంబరు రాసిన చీటీ జరిపింది.

"కొన్నాళ్ళు మాట్లాడుకుందాం. చూద్దాం."

మాట్లాడుకున్నారు. కొండ మీద సిగ్నల్ సరిగ్గా ఉండదు. సగం మాటలు తెగిపోయేవి. తెగిన చోటినుంచి మర్నాడు అందుకునేవారు. ఆమె 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అతనిది కూడా. ఆకులు రాలాయి. పై సరస్సు గడ్డకట్టిందని, దారి మూసేశారని ఆమె చెప్పింది. బస్సులు ఆగిపోయాయి. ఈ ఖాళీలో మా నాన్న లైసెన్సు కొత్తది చేయించుకోవాలి, కొండ రోడ్ల మీద నడిపేవాళ్ళకి వినికిడి పరీక్ష తప్పనిసరి, మీ క్లినిక్‌కే వస్తున్నాం అని చెప్పింది.

అతను ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

ఆమె బయట వరండాలో కూర్చుంది. డ్రైవరుని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నాడు. గదికి ఇవతల కూర్చుని చప్పుళ్ళు పంపాడు. కుడిచెవి ఫరవాలేదు. ఎడమచెవికి పంపిన చప్పుళ్ళు చాలావరకు వెళ్ళినవి వెళ్ళినట్టే ఉన్నాయి, బటన్ కదల్లేదు. ఇంజను పక్కన గడిపిన సంవత్సరాలన్నీ ఆ చెవిలోనే పేరుకున్నాయి.

ఆయన బయటికి వచ్చి, అతని మొహం చూసి గ్రహించాడు.

"బాగాలేదా?"

"ఎడమది బాగా తగ్గిందండీ. మిషన్ పెట్టుకుంటే పరీక్షలో నెగ్గుతారు. లేకుండా నెగ్గరు."

"మిషన్ పెట్టుకుని బస్సెక్కితే జనం ఏమనుకుంటారు? చెవిటివాడు నడుపుతున్నాడంటారు." ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాననుకుని మామూలుగానే అన్నాడు. "కాస్త బాగుందని రాసెయ్యి బాబూ. ఇంకొన్నాళ్ళు నడిపి మానేస్తాను. ఎలాగూ నువ్వు మా ఇంటివాడివి అవుతావనుకుంటున్నాను. మా అమ్మాయి ఎవరితో మాట్లాడుతోందో నాకు తెలియదనుకోకు."

అతను కాగితం వైపు చూశాడు. ఒక అంకె మారిస్తే సరిపోతుంది. ఎదురుగా ఉన్న మనిషి సంతోషిస్తాడు. ఆమె కూడా సంతోషిస్తుందేమో. ఆయనకి నచ్చే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"రాయలేనండీ."

"ఏం?"

"మలుపులో ఎదురొచ్చే బండి హారను మీకు ఆలస్యంగా వినపడుతుంది. బస్సు నిండా మనుషులుంటారు. పక్కన మీ అమ్మాయే నిలబడి ఉంటుంది. ఉన్నదే రాస్తాను."

ఆయన కోటు తీసుకుని, ఇంకో మాట లేకుండా బయటికి వెళ్ళిపోయాడు. వరండాలో కూతురు లేవడం, ఇద్దరూ వెళ్ళిపోవడం అతను కిటికీలోంచి చూశాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. సన్నగా వాన పడుతోంది. తర్వాతి పేషంటుని పిలిచి, చెవిలో చూడాల్సిన లైటుని నోట్లో వేసి చూడబోయాడు.

క్లినిక్ మూసే వేళకి ఆమె వచ్చింది. జుట్టంతా తడిగా ఉంది.

"మా నాన్నకి ఏం చెప్పావు?"

"ఎడమచెవి తగ్గిందని. మిషన్ లేకుండా నెగ్గరని."

"ఆయన నిన్నేమైనా అడిగారా?"

"అది ఆయన్నే అడుగు."

"అడిగాను. చెప్పారు." ఆమె కుర్చీలో కూలబడింది. "ఆయనకి నీ మీద కోపం. నాకు ఆయన మీద కోపం."

"నా మీద?"

"వస్తుందేమోనని బస్టాండు దాకా నడిచాను. ఆయన మొహం చూస్తే రావాలనే అనిపించింది. రాలేదు." ఆమె తడిసిన జుట్టుని వెనక్కి తోసుకుంది. "ఇక నాకు భయం లేదు. ఆ మాట ఫోన్లో చెబితే తెగిపోతుందని వెనక్కొచ్చాను."

అతను తువ్వాలు తెచ్చిచ్చాడు. ఇంకేం చేయాలో తెలియక ఎదురుగా నిలబడ్డాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. బస్సు టైము గుర్తొచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

డ్రైవరు మాత్రం దిగిరాలేదు. బస్సు మానేసి తోటపని చేసుకుంటానన్నాడు. కూతురు చెప్పింది, సూపరింటెండెంటు ఆవిడ చెప్పింది, వినలేదు. చివరికి అమ్మమ్మ ఫోన్ చేసింది. ఫోన్లో ఎవరి మాటా సరిగ్గా అందని ఆయనకి అమ్మమ్మ మాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా అందింది.

"నా బతుకంతా చెవులతోనే సంపాదించుకుని తిన్నాను. అవి పోతే నాకెంత సిగ్గుండాలి? అయినా పెట్టుకున్నాను. మీకేమిటండీ అంత సిగ్గు? చెవిలో పెట్టుకునేదేగా, నెత్తిన పెట్టుకోమనలేదుగా."

ఆయన ఫోన్ పెట్టేసి, కోటు ఎక్కడుందని కూతుర్ని అడిగాడు.

మిషన్ అమర్చే రోజు ఆయన అద్దాల గదిలో గోడ వైపు తిరిగి బిగుసుకుని కూర్చున్నాడు. అతను చెవి కొలతకి పోసిన అచ్చు సరిచూసి, మిషన్ పెట్టి, శబ్దం కొద్దికొద్దిగా పెంచాడు. "కాసేపు అలవాటు పడనివ్వండి," అని బయటికి వచ్చాడు. గది తలుపు ఓరగా ఉండిపోయింది. గోడ దగ్గర నిలబడ్డ ఆమె అతని పక్కకి జరిగింది.

"ఇంకా మనతో మాట్లాడడం లేదు," అంది మెల్లగా.

"మిషన్‌కి అలవాటు పడ్డాక మాట్లాడతారులే."

"మన సంగతి ఎప్పుడు చెబుదాం?"

"ముందు లైసెన్సు రానీ. ఇప్పుడే అంటే ఆ కోపం మీద కాదనేస్తారేమో."

"అప్పటికి దారి తెరుస్తారు. మళ్ళీ సీజను మొదలవుతుంది. నాకు తీరికుండదు."

"అయితే పై సరస్సు దగ్గర చెబుదాం. అక్కడినుంచి కోపంగా వెళ్ళిపోవాలన్నా బస్సు ఆయనే నడపాలి, మనల్ని వదిలేసి పోలేరు."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గదిలో కుర్చీ కిర్రుమంది. డ్రైవరు గోడ వైపు నుంచి ఇటు తిరగలేదు.

"పై సరస్సు దాకా ఎందుకు?" అన్నాడు. "ఇప్పుడే చెప్పండి. బాగానే వినపడుతోంది."